తాకట్టు బొంత

గాజా కోట తలుపుల్ని గుంజలతో సహా పెరికి, భుజాన వేసుకుని కొండెక్కిన సమ్సోను తర్వాత, తలుపుల మీద అంత దౌర్జన్యం చేసిన మగవాడు యూదుల్లో మళ్లీ ఒక్కడే పుట్టాడు. అతని పేరు షబ్తో. యెరూషలేములో కూరగాయల బజారు వెనక, కుర్దుల కొండల్లోని జాఖో ఊరి నుంచి వచ్చినవాళ్ల పేటలో కిరసనాయిలు పొయ్యిలు బాగుచేసేవాడు. మంచు పడిన ఒక పొద్దున అతను ఒంటిచేత్తో పీకిన తలుపు మూడు మిద్దెలు దాటి ఎగిరి, బజారులో ఆలివ్ ఊరగాయల పీపాలో పడిందనీ, ఆ పీపాలో కాయలు ఇప్పటికీ ఇనుము రుచే వేస్తాయనీ పేటలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. తెలియనివాళ్లు ఎవరైనా తగిలితే, వాళ్లు పోలండు నుంచి వచ్చినవాళ్లని అర్థం.

ఇంతటి తలుపు పీకినవాడు అప్పటిదాకా పరాయి ఇంటి గడప ఒక్కటి కూడా దాటలేదంటే నమ్మడం కష్టం. ఆలివ్ పీపా సంగతి ఎవరి ఇష్టం వాళ్లది గానీ, ఇది మాత్రం నిజం.

షబ్తో పిడికెడు మనిషి. మెట్ల కింద, నిలబడితే తల తగిలే గూడు అతని కొట్టు. రెహావియా పేటలో డబ్బున్నవాళ్లు చిన్న చిల్లు పడిందని పారేసిన పొయ్యిల్ని ఏరుకొచ్చి, మాటు వేసి, కొత్త వత్తి ఎక్కించి వరసగా పెట్టుకునేవాడు. చలికాలం రాగానే గది వెచ్చబెట్టుకునే దిక్కు లేనివాళ్లకి వాటిని ఊరికే వాడుకోమని ఇచ్చేవాడు. ఊరికే అంటే పూర్తిగా ఊరికే కాదు. ఏదో ఒక వస్తువు తాకట్టు పెట్టాలి. అది లేకపోతే ఎండాకాలానికి ఒక్క పొయ్యి కూడా తిరిగిరాదు. ఈ పేట జనం దేవుడికి భయపడతారు గానీ, పొయ్యి తిరిగివ్వడానికి బద్ధకిస్తారు.

తాకట్టు విషయంలో షబ్తోకి ఉన్న చాదస్తం ఇంతా అంతా కాదు. ఒక ముసలాయన కట్టుడు పళ్లు తీసి చేతిలో పెట్టబోతే రెండడుగులు వెనక్కి గెంతాడు. "వద్దు బాబాయ్! తిరగలి రాయి తాకట్టు పట్టకు, అది మనిషి ప్రాణాన్ని తాకట్టు పట్టడమే అని మన ధర్మశాస్త్రం తోరాలో రాసుంది. నీ నోట్లో ఉన్నది తిరగలి కాదా?" అన్నాడు. ముసలాయన పళ్లు మళ్లీ పెట్టుకుని, "అయితే చెప్పులు తీసుకో, నడవను," అన్నాడు. అదీ కుదరదన్నాడు. చివరికి గోడ గడియారం ఇచ్చి పొయ్యి పట్టుకెళ్లాడు.

తాకట్టు వస్తువు తెచ్చుకోవడానికి ఎవరింటికి వెళ్లినా షబ్తో గుమ్మం బయటే ఆగిపోయేవాడు. టీ తాగమన్నా, మాంసం కూరిన కుబ్బె ఉండలు తినమన్నా, వాన కురుస్తున్నా సరే. "పొరుగువాడికి ఏదైనా ఎరువిస్తే, తాకట్టు తీసుకోవడానికి అతని ఇంట్లోకి వెళ్లకు. బయట నిలబడు. అతనే నీ దగ్గరికి తెచ్చి ఇస్తాడు." ఇది చదువు సగంలో వదిలేసినవాడికి కూడా అర్థమయ్యే వచనం. కానీ షబ్తో దాన్ని చదివి నేర్చుకోలేదు, చూసి నేర్చుకున్నాడు. జాఖోలో అతని తండ్రి నది మీద దుంగల తెప్పలు నడిపేవాడు. ఒక కరువేడు ఊరి భూస్వామి ఆగా దగ్గర గోధుమలు ఎరువు తెచ్చాడు. తిరిగివ్వడం ఆలస్యమైంది. ఒక మధ్యాహ్నం ఆగా మనిషి బూటుకాళ్లతో లోపలికొచ్చి, పొయ్యి మీద ఉడుకుతున్న గిన్నె పైకెత్తి, లోపలున్నది నేల మీద ఒంపేసి, గిన్నె పట్టుకుపోయాడు. తల్లి గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తండ్రి ఇంట్లోనే ఉన్నాడు, గోడవైపు తిరిగి ఉన్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో అన్నం తిన్నారు, నవ్వారు, పెళ్లిళ్లు చేశారు. కానీ తండ్రి మళ్లీ భార్య మొహంలోకి తిన్నగా చూసి మాట్లాడటం షబ్తో చూడలేదు.

అందుకని అతను బయటే నిలబడేవాడు.

ఆ ఏడు చలి తొందరగా వచ్చింది. పేటలో రాళ్లు పరిచిన చిన్న వాకిలి ఒకటుంది. దాని చుట్టూ నాలుగు గదులు, పైన ఒక వరండా. కింద ఒక గదిలో నాజే ఉండేది. భర్త బజారులో మూటలు మోసి మోసి పోయాడు. పిల్లలు లేరు. పెళ్లిళ్లకి కుబ్బె చేసిచ్చి బతికేది. ఆవిడ చేతి కుబ్బె తిన్న పెళ్లికొడుకు పెళ్లికూతుర్ని మరిచిపోయి గిన్నె పక్కనే కూర్చున్నాడని చెప్పుకుంటారు. ఆవిడ పొగరుకి కూడా అంత పేరూ ఉంది.

ఆ చలికి నాజేకి దగ్గు ఎక్కువైందని ఎవరో చెప్పగా షబ్తోయే పొయ్యి తీసుకొచ్చి గుమ్మం ముందు పెట్టాడు.

"తాకట్టేమీ అక్కర్లేదు నాజే అక్కా. ఉంచుకో," అన్నాడు.

"ఊరికే తీసుకోవడానికి నేనేమన్నా ప్రార్థనామందిరం మెట్ల మీద కూర్చున్నానా?"

"సరే, ఒక ఇత్తడి గిన్నె ఇవ్వు."

"గిన్నెలిస్తే కుబ్బె నీ నెత్తి మీద వండాలా? బొంత తీసుకెళ్లు."

షబ్తో గతుక్కుమన్నాడు. "అది రాత్రి కప్పుకునేది కదా అక్కా. అలాంటిది తాకట్టు పడితే పొద్దు గూకేలోపు తిరిగిచ్చెయ్యాలి. వచనం ఉంది."

"ఉంటే ఇవ్వు. పొద్దున్నే మళ్లీ పట్టుకెళ్లు. నీకు కాళ్లు లేవా?"

అలా మొదలైంది. పొద్దున్నే షబ్తో ఆ వాకిట్లోకి వచ్చి గుమ్మం బయట నిలబడి దగ్గేవాడు. నాజే బొంత తెచ్చి చేతిలో పెట్టేది. సాయంత్రం మళ్లీ తెచ్చేవాడు. ఆవిడ అందుకునేది. బొంత రోజంతా మెట్ల కింద గూట్లో చేసే ఉద్యోగం ఏమీ లేదు. అది లేకుండా పొయ్యి తన గదిలో ఉండటానికి మాత్రం నాజే ఒప్పుకోదు.

పైన వరండాలో గుర్జీ ఉండేది. బజారు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని, పిండికట్టుతో కుర్చీలో కూర్చుని, వాకిట్లో ఏ చీమ ఎటు పోయిందో లెక్కరాసేది. ఆవిడకి ఇదొక పండగ.

"మామో! పొద్దున పక్క మోసుకెళ్తున్నావు, సాయంత్రం పక్క తెస్తున్నావు. ఏదో ఒకసారి పక్కతోపాటు మనిషిని కూడా పట్టుకుపోతే నీకు తిరుగుడు తప్పుతుంది కదా!"

నాజే లోపల్నుంచే అందుకునేది. "నీ కాలు విరిగింది గానీ ఆ నోరు విరగలేదేమే!"

షబ్తో ఎర్రబడి బొంత పట్టుకుని పారిపోయేవాడు. వెళ్తూ వెళ్తూ వీధి మలుపులోంచి అరిచేవాడు. "పడుకునే ముందు ఆర్పెయ్యక్కా! కిటికీ కొంచెం తెరిచి ఉంచు! మూసిన గదిలో అది మనిషిని మింగేస్తుంది!"

"విన్నానులే! పెళ్లికూతురికి చెప్పినట్టు చెప్తున్నాడు!"

ఒకరోజు మంట ఏ రంగులో ఉందో చూద్దామని షబ్తో గుమ్మం బయట నుంచే మెడ సాచాడు. నీలంగా ఉంటే సరే, పసుపుపచ్చగా మారితే వత్తి మార్చాలి. అతని ఆలోచన అంతే. నాజే అది చూసింది.

"కళ్లెక్కడ పెడుతున్నావు? బయట నిలబడమని నీ దేవుడు చెప్పాడా లేదా?"

"మంట రంగు చూద్దామని..."

"నా ఇంట్లో ఏం రంగులున్నాయో నీకెందుకు? ఇంకోసారి తల ఇటు తిప్పావంటే పొయ్యి నీ నెత్తి మీదే బోర్లిస్తా!"

షబ్తోకి కోపం రాలేదు, సిగ్గేసింది. ఆగా మనిషి బూట్లు తన కాళ్లకే ఉన్నట్టు అనిపించింది. ఆ రోజు నుంచి గుమ్మానికి వీపు పెట్టి నిలబడటం మొదలుపెట్టాడు. చేతులు మాత్రం వెనక్కి చాచేవాడు. నాజే ఆ చేతుల్లో బొంత పెట్టేది. గుర్జీ ఆ దృశ్యం చూసి నవ్విన నవ్వుకి పిండికట్టు పగుళ్లిచ్చిందంటారు.

తర్వాత మంచు పడింది. మధ్యాహ్నం సన్నగా మొదలై, చూస్తుండగానే దూది ఏకినట్టు దిగింది. సూర్యుడు ఎటు పోయాడో తెలియలేదు. పొద్దు ఉందో గూకిందో ఎవరూ చెప్పలేకపోయారు. పొద్దు గూకేలోపు బొంత ఇవ్వాలని షబ్తో కొట్టు మూసేశాడు. బొంత గోనెసంచిలో చుట్టి చంకన పెట్టుకుని పరిగెత్తినట్టే నడిచాడు. మలుపు దగ్గర రాళ్ల మీద కాలు జారింది. అతను ఒక పక్క, సంచి ఒక పక్క. సంచి కాలువలో కరిగిన మంచు మీద పడింది. తీసేసరికి బొంత సగం నానిపోయింది.

నాజే తలుపు తీసి అందుకుని, వేళ్లతో నొక్కి చూసింది. "ఇది బొంతా, బతికున్న చేపా?"

"జారిపడ్డానక్కా. ఇంటికెళ్లి నా దుప్పటి తెచ్చిస్తా. ఇప్పుడే వస్తా."

"నీ దుప్పటి నాకెందుకు? నువ్వివ్వాల్సింది ఇచ్చావు, నేను తీసుకున్నాను. ఇంక వెళ్లు, చలి లోపలికొస్తోంది."

తలుపు పడింది. షబ్తో కాసేపు అక్కడే నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే అతనికి ముందు కలిగింది హాయి. పొద్దు గూకకముందే ఇచ్చేశాడు. వచనం నెరవేరింది. వీపు మీద బరువు దిగినట్టు ఇంటికెళ్లాడు.

తెల్లారేసరికి ఊరు గొంతు నొక్కినట్టు నిశ్శబ్దంగా ఉంది. కిరసనాయిలు బండి గంట లేదు, బజారు కేకలు లేవు. మంచు పిక్కల దాకా ఉంది. మగవాళ్లందరూ అప్పటికే ప్రార్థనకి వెళ్లిపోయారు. షబ్తో ముందు బొంత తీసుకుని అటునుంచి వెళ్దామని వాకిట్లోకి వచ్చాడు. గుమ్మానికి వీపు పెట్టి నిలబడి దగ్గాడు.

ఏమీ వినబడలేదు.

మళ్లీ దగ్గాడు. మామూలుగా అతను దగ్గకముందే నాజే ఒక మాట విసిరేది. చేతులు వెనక్కి చాచి ఉంచాడు. వేళ్ల మీద మంచు రేకులు పడుతున్నాయి.

"అక్కా! నేను. షబ్తోని."

పైన వరండా తలుపు కిర్రుమంది. గుర్జీ దుప్పటి కప్పుకుని కుర్చీ ఈడ్చుకొచ్చింది. "ఏం మామో, ఇవాళ ఖాతూన్ దొరసాని గారికి తీరిక లేదా? తలకి గోరింటాకు పెట్టుకుంటోందేమో!"

"పలకట్లేదు గుర్జీ. నిన్న బొంత తడిపానని కోపం వచ్చినట్టుంది."

"కోపం వస్తే పలకకుండా ఉండే రకమా? కోపం వస్తే బెత్లెహేము దాకా వినపడాలి!" గుర్జీ నవ్వి, సగంలో ఆపేసింది. "నిజంగా పలకట్లేదా?"

షబ్తో వాకిలంతా కలియజూశాడు. నాజే గుమ్మం ముందు మంచు మీద తన అడుగులు తప్ప ఒక్క అడుగు గుర్తు లేదు. నీళ్లకి కూడా బయటికి రాలేదన్నమాట. ముసలావిడ, బద్ధకించి పడుకుందేమో అనుకుందామని చూశాడు. అంతలో కిటికీలు కనిపించాయి. వాకిట్లో ప్రతి కిటికీ గట్టు మీదా జానెడు ఎత్తు మంచు పేరుకుని ఉంది. ఒక్క నాజే కిటికీ గట్టు మాత్రం తడిగా, ఉత్తగా ఉంది. దాని మీద పడిన రేకు పడినట్టే కరిగిపోతోంది.

లోపల పొయ్యి ఇంకా మండుతోంది. రాత్రంతా మండుతూనే ఉంది.

కిటికీ సందులోంచి గుడ్డ పేలిక కొస బయటికి వేలాడుతోంది. తిరిగి చూడకూడదనుకున్న గుమ్మం వైపు షబ్తో తిరిగాడు. తలుపు కింద కూడా పాత గుడ్డలు కుక్కి ఉన్నాయి. వాటి అంచులకి మసి. బొంత తడిసింది. కప్పుకోవడానికి ఇంకోటి లేదు. ఆర్పితే గడ్డకట్టిపోతుంది. అందుకని ఆర్పలేదు, అందుకని సందులన్నీ మూసింది. ఇదంతా అతనికి ఒక్కసారే, ఎవరో చెంపమీద కొట్టి చెప్పినట్టు తెలిసింది. దాంతోపాటు నిన్న ఇంటికెళ్లేటప్పుడు గుర్తుచేసుకోని వచనం చివరి ముక్క గుర్తొచ్చింది. "పొద్దు గూకేలోపు అతని బట్ట అతనికిచ్చెయ్యి. అదొక్కటే అతని ఒంటికి కప్పు. మరి దేంతో పడుకుంటాడు?"

పొద్దు గూకేలోపు ఇచ్చాడు సరే. దేంతో పడుకుంది?

"నాజే అక్కా!" అని గట్టిగా అరిచాడు. గొంతు మంచులో ఇంకిపోయింది.

"తలుపు కొట్టు మామో!"

కొట్టాడు. అది నీలం రేకు తలుపు. పిడికిలితో బాదితే, కింద కుక్కిన గుడ్డలకి బిగుసుకుని కదల్లేదు గానీ వాకిలంతా మోగింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు లేదు, దగ్గు లేదు.

గుర్జీ వరండా పిట్టగోడ పట్టుకుని ప్రార్థనామందిరం వైపు తిరిగి కేకలు పెట్టింది. "ఓరి మగాళ్లూ! ఎవరైనా రండ్రోయ్! నాజే పలకట్లేదు!" అటునుంచి అందరూ కలిసి చదువుతున్న హోరు సన్నగా వస్తోంది. తమ గోలలో వాళ్లకి ఇంకెవరి గోలా పట్టలేదు.

"వినపడట్లేదు వీళ్లకి! మామో, లోపలికెళ్లు!"

"గడియ వేసుకుని ఉంటుంది. కొట్లో గునపం ఉంది. వెళ్లి తెస్తాను."

"నువ్వు ఈ మంచులో వెళ్లి వచ్చేసరికి ఏమవుతుందో తెలుసా నీకు? పొయ్యిలవాడివి, నేను చెప్పాలా?"

తెలుసు. పేటలో అందరికంటే అతనికే బాగా తెలుసు. మూసిన గదిలో ఆ పొయ్యి ముందు నిద్ర మత్తులా వస్తుంది, తర్వాత తలనొప్పి, తర్వాత లేవాలనుకున్నా కాళ్లు మాట వినవు. అది తెలిసి కూడా కాలు గడప మీదికి లేవలేదు. ఒక కాలు ఎత్తి మళ్లీ అక్కడే పెట్టాడు. కళ్లముందు గరిటె పట్టుకున్న తల్లి. వీపు తిప్పుకున్న తండ్రి. లోపల ఆవిడ ఏ స్థితిలో ఉందో, ఒంటి మీద ఏముందో లేదో. తల ఇటు తిప్పితే పొయ్యి నెత్తి మీద బోర్లిస్తానన్న మనిషి. ఆ ఒక్క గది, ఆ ఒక్క గుమ్మం తప్ప ఆవిడకి లోకంలో తనదంటూ ఇంకేమీ లేదు. అందులోకి అడగకుండా వెళ్లడానికి తనెవరు? పొయ్యి ఇచ్చినవాడు. సరిగ్గా ఎవరినైతే లోపలికి పోవద్దని రాశారో వాడు.

"బయట నిలబడు అని ఉంది గుర్జీ," అన్నాడు. ఏడుస్తున్నాడని తనకే తెలియలేదు.

"ఎవరికి ఉంది? తాకట్టుకి వచ్చినవాడికి ఉంది! నువ్వు ఇప్పుడు బొంత కోసం నిలబడ్డావా?"

అవును, ఇందాక బొంత కోసమే వచ్చాడు. ఇప్పుడు దేనికోసం నిలబడ్డాడు? చిన్నప్పుడు జాఖోలో పిల్లలందరూ చాప మీద కూర్చుని ఊగుతూ పాడిన ఇంకో వచనం, అర్థం తెలియకుండానే నోటికొచ్చిన వచనం, ఎక్కడినుంచో లేచింది. "నీ పొరుగువాడి నెత్తురు ఒలుకుతుంటే ఊరికే నిలబడకు." నిలబడు అన్నదీ ఆ దేవుడే, నిలబడకు అన్నదీ ఆయనే. రెండూ ఒకే గుమ్మం ముందు, ఒకే మనిషికి.

ఆ తర్వాత జరిగింది చూసినది గుర్జీ ఒక్కతే గనక ఆవిడ మాటే ఆధారం. షబ్తో రెండడుగులు వెనక్కి వేశాడట. ఆకాశం వైపు చూశాడట. ఎడారి సింహంలా గర్జించి ఒంటిచేత్తో తలుపు పట్టుకుంటే, బందులు పట్ పట్ మని తెగి, తలుపు గిరగిరా తిరుగుతూ మిద్దెల మీదుగా ఎగిరిపోయిందట. మరి ఇప్పుడూ ఆ గదికి ఆ నీలం తలుపే ఉంది కదా అని అడిగితే, గుర్జీ అడిగినవాణ్ని జాలిగా చూస్తుంది. "కొత్తది పెట్టించారు. పాత రంగు వేయించారు."

ఏమైతేనేం, షబ్తో గడప దాటాడు.

లోపల వేడి మొహాన కొట్టింది. కళ్లు మండాయి. పొయ్యి మీద మంట పచ్చగా, నాలుకలు చాపుతూ, నల్లటి పొగ కక్కుతోంది. పొయ్యి ముందు కుర్చీ, కుర్చీ మీద ఆరేసిన బొంత. నాజే మంచం మీద లేదు. మంచానికీ గుమ్మానికీ మధ్య నేల మీద బోర్లా పడి ఉంది. ఒక చెయ్యి గుమ్మం వైపు చాచి ఉంది. అతను దగ్గడం విని లేవబోయిందా, రాత్రే లేచిందా, ఎవరికి తెలుసు?

ఆర్పడానికి కూడా ఆగలేదు. చంకల కింద చేతులు వేసి వెనక్కి వెనక్కి ఈడ్చాడు. పిడికెడు మనిషి, నిండైన మనిషిని. గడప దగ్గర ఆవిడ మడమలు తట్టుకున్నాయి. మంచులోకి లాగి వెల్లకిలా పడుకోబెట్టాడు. మొహం వింతగా ఎర్రగా, చిన్నపిల్ల మొహంలా ఉంది. ఛాతీ కదలడం లేదు. పిడికెడు మంచు తీసి మొహం మీద రుద్దాడు. ఆవిడ నోటికి చెవి ఆనించాడు. తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"ఉందా?" పైనుంచి గుర్జీ. ఆ గొంతులో ఎగతాళి లేకపోవడం షబ్తో అప్పుడే మొదటిసారి విన్నాడు. "మామో, ఉందా?"

భుజాలు పట్టి ఊపాడు. "అక్కా, తిట్టు. నన్ను తిట్టు. లోపలికొచ్చాను, చూడు. బూట్లతో వచ్చాను. తిట్టవే తల్లీ!"

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత గొంతులో ఎక్కడో గరగరమంది. ఒళ్లంతా ఒక్కసారి ఎగిరిపడేంత దగ్గు వచ్చింది. పక్కకి ఒరిగి మంచు మీద వాంతి చేసుకుంది.

అంతలో ప్రార్థన ముగిసి మగవాళ్లు వచ్చారు. గుర్జీ పైనుంచి ఒక్కొక్కణ్నీ వాడి తండ్రి పేరుతో సహా తిట్టింది. అంబులెన్సు ఆ మంచులో ఇరుకు సందుల్లోకి రాదు. లోపల కుర్చీ మీద ఆరిన బొంత తెచ్చి, ఆవిడను అందులో పడుకోబెట్టి, నలుగురు నాలుగు కొసలు పట్టుకుని పెద్దరోడ్డు దాకా మోశారు. షబ్తో వెనకే నడిచాడు.

ఆసుపత్రిలో వార్డు గుమ్మం బయటే నిలబడ్డాడు. నర్సు రెండుసార్లు లోపలికి రమ్మంది. మూడోసారి, "మీరేమవుతారు ఆవిడకి?" అని అడిగింది. షబ్తో అక్కడి నుంచే "పొయ్యి నాది," అన్నాడు. నర్సుకి అది అర్థం కాలేదు. లోపల్నుంచి డాక్టరు బయటికొచ్చి, ప్రమాదం దాటిందనీ, ఇంకొంచెం ఆలస్యమై ఉంటే దాటేది కాదనీ చెప్పి వెళ్లిపోయాడు.

అందరూ మొదటి ముక్క పట్టుకుని "దేవుడు మేలు చేశాడు" అన్నారు. షబ్తో చెవిలో రెండో ముక్క ఉండిపోయింది.

ఆ సాయంత్రం పేట మతగురువు హకామ్ అల్వాన్ వెతుక్కుంటూ కొట్టు దగ్గరికొచ్చాడు. గూట్లో ఇద్దరికి చోటు లేదు గనక మెట్ల మీద కూర్చున్నాడు. షబ్తో వత్తులు పీకేసిన పొయ్యిల మధ్య ఉన్నాడు.

"అన్నీ పగలగొట్టేస్తున్నావా ఏంటి?"

"లోపలికి వెళ్లాను హకామ్. అడక్కుండా."

"విన్నాను. బయట నిలబడమన్నది ఎందుకు? లోపలున్న మనిషి పరువు కోసం. ఆ మనిషే లేకపోతే పరువెవరికి? అందులో నీ తప్పేం లేదు." హకామ్ గడ్డం నిమురుకున్నాడు. షబ్తో మొహం తేలికపడలేదని చూశాడు. అప్పుడు మెల్లగా అడిగాడు. "నిన్ను తినేస్తున్నది లోపలికి వెళ్లడం కాదా?"

షబ్తో తల అడ్డంగా ఊపాడు.

"ఎంతసేపు నిలబడ్డావురా?"

షబ్తో చేతిలో వత్తిని తిప్పుతూ ఉండిపోయాడు. హకామ్ మళ్లీ అడగలేదు. లేచి, పగలగొట్టని పొయ్యి ఒకటి ఎంచుకుని, "ఇది నాకివ్వు. మా వీధిలో బాలింత ఉంది. తాకట్టు నా టోపీ," అన్నాడు. టోపీ అక్కడ పెట్టి, బోడిగుండు మీద రుమాలు కట్టుకుని మంచులో వెళ్లిపోయాడు. దాన్నిబట్టి షబ్తో పొయ్యిలివ్వడం మానకూడదని ఆయన ఉద్దేశం.

నాజే కోలుకుని ఇంటికొచ్చింది. వాకిట్లో ఆడవాళ్లు చుట్టూ చేరారు. గుర్జీ వరండాలోంచి సింహగర్జన కథ మొదలుపెడితే నాజే వినకుండా అడిగింది. "బూట్లతో వచ్చాడటగా?"

"ప్రాణం పోతుంటే బూట్లు విప్పుతారా వదినా!"

"నేల కడుక్కోవాల్సింది నేనే కదా." అని గుమ్మం దగ్గరికి వచ్చి షబ్తో కోసం చూసింది. అతను వాకిలి చివర, ఎప్పటికంటే దూరంగా నిలబడి ఉన్నాడు. "ఏం, అక్కడే ఎందుకు ఆగావు? రా. బొంత ఇవ్వను ఇంక. గిన్నె పట్టుకెళ్లు. చిన్నదే. దానికి మూత లేదు, చూసుకో."

షబ్తో వచ్చాడు. గడప బయట ఆగాడు. ఈసారి గుమ్మానికి ఎదురుగా, మొహం ఆవిడ వైపే పెట్టి నిలబడ్డాడు. నాజే చూసింది. గిన్నె అతని చేతుల్లో పెట్టింది.

కథ మాత్రం ఆగలేదు. ఎండలు వచ్చేసరికి తలుపు మిద్దెలు దాటింది. పస్కా పండగ వచ్చేసరికి ఆలివ్ పీపాలో పడింది. పిల్లలు షబ్తో దారికి అడ్డం వచ్చి చొక్కా చెయ్యి పైకెత్తి కండ చూపించమనేవారు. అతను ఉలుకూ పలుకూ లేకుండా వెళ్లిపోయేవాడు. సిగ్గరి అని అందరూ మెచ్చుకున్నారు.

తర్వాత, పొరుగువాడి నెత్తురు గురించిన ఆ వచనం చదివే వారం వచ్చింది. మందిరం కిక్కిరిసి ఉంది. హకామ్ అల్వాన్ లేచి ఆ పొద్దుటి సంగతి చెప్పాడు. పీపా జోలికి పోలేదు గానీ తలుపును మాత్రం వదల్లేదు. పెద్ద మనిషికి కూడా మంచి కథంటే మోజే. "ఆ ఇనుప తలుపును పెరకడానికి ఆ చేతులకి అంత బలం ఎక్కడిది? ఈ వచనం ఇచ్చింది!" అని బల్ల చరిచాడు. జనం "అవును, అవును" అన్నారు. అందరూ వెనక్కి తిరిగి చివరి బల్ల వైపు చూశారు. ఆడవాళ్ల తెర వెనక గుర్జీ గొంతు సవరించుకుంది.

షబ్తో లేచి నిలబడ్డాడు. అతను అక్కడ నోరు విప్పడం ఎవరూ ఎరగరు.

"గడియ వేసి లేదు హకామ్," అన్నాడు. "పొద్దున్నే బొంత ఇవ్వడానికని ఆవిడెప్పుడూ వేసుకునేది కాదట. తలుపు అంతసేపూ ఊరికే చేరవేసి ఉంది. నేనే తోసి చూడలేదు."